‘స్పీడు’ - రెండు వేగాలకు ఒకే మాట: పెట్రోలు పికప్ వాహనంలో ఇంజిను సురక్షిత గరిష్ఠవేగం

వ్యాససంగ్రహం:

చిన్న సరుకు రవాణా వాహనాల్లో పెట్రోలు ఇంజిన్ల వాడకం పెరిగింది. ఇంజినును ఎంత వేగంగా తిప్పవచ్చు, ఎక్కడ ఆపాలి అన్న ప్రశ్న ఆ వాహనమే జీవనాధారంగా ఉన్నవారికి ముఖ్యమైనది. తెలుగు వాడుకలో ‘స్పీడు’ అనే ఒకే మాట బండివేగాన్నీ, ఇంజిను చుట్లవేగాన్నీ సూచిస్తుంది. ఈ రెండు వేగాలూ పరస్పరం వ్యతిరేకదిశలో మారే సందర్భంలోనే ఇంజినుకు ప్రమాదం ఎక్కువ. ఇంజిను గరిష్ఠవేగాన్ని నిర్ణయించే భౌతిక కారణాలను వివరించి, ఆ వివరణకు తగిన తెలుగు మాటలను ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: చుట్లవేగం, బండివేగం, ఎర్రగీత, జడత్వబలం, చుట్ల నియంత్రకం, ముక్కడం, వృత్తిపదజాలం.

1. ఉపోద్ఘాతం:

పాయకరావుపేట అనకాపల్లి జిల్లాకు నైరుతి కొసన ఉంది. తాండవ నది దాటితే కాకినాడ జిల్లాలోని తుని. 16వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతం మీదుగా సాగుతుంది. ఇక్కడి చిన్న రవాణా వాహనానికి రెండు స్వభావాల దారులు ఎదురవుతాయి. ఒకటి తీరమైదానంలో సమతలంగా సాగే జాతీయ రహదారి. రెండోది నర్సీపట్నం మీదుగా చింతపల్లి వైపు, సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగికి ఎక్కే ఘాట్ రోడ్డు. మొదటి దారిలో టాప్ గేరులో నెమ్మదిగా తిరిగే ఇంజినే, రెండో దారిలో దిగువ గేర్లలో చాలా వేగంగా తిరగవలసి వస్తుంది. బండి మాత్రం మొదటి దారిలోనే వేగంగా పోతుంది. ఈ వైరుధ్యమే ఈ వ్యాసానికి ప్రాతిపదిక.

2005లో వచ్చిన టాటా ఏస్ రెండు సిలిండర్ల డీజిలు బండి. దాని గరిష్ఠశక్తి నిమిషానికి 3,200 చుట్ల వద్ద 16 అశ్వసామర్థ్యం మాత్రమే. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 ఉద్గార ప్రమాణాలు అమలులోకి రావడంతో చిన్న డీజిలు ఇంజిన్ల తయారీ ఖర్చు పెరిగింది. ఈ తరగతిలో పెట్రోలు బళ్లకు ప్రాధాన్యం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటికీ రేషను సరుకులు చేర్చేందుకు 2021 జనవరి 21న 9,260 చిన్న వాహనాలను ప్రారంభించారు. వాటిలో 6,413 టాటా ఏస్ గోల్డ్ బళ్లు. 2025 జూన్ 1 నుంచి సరుకుల పంపిణీ తిరిగి చౌకధరల దుకాణాలకు మారింది. వాహనాలను వాటిని నడిపినవారికే వదిలివేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఇలాంటి చిన్న యజమానికి ఇంజినే పెట్టుబడి. అది ‘బోరుకు’ వస్తే మరమ్మతు ఖర్చుతోపాటు అన్ని రోజుల రాబడీ పోతుంది.

2. వాడుకలో ‘స్పీడు’, ‘పికప్’, ‘గవర్నర్’:

‘స్పీడు తగ్గించు’ అన్న వాక్యానికి తెలుగులో ఒకే అర్థం ఉన్నట్టు కనిపిస్తుంది. డ్రైవరు దాన్ని రెండు విధాలుగా పాటించవచ్చు. బ్రేకు తొక్కితే బండివేగమూ, దానితోపాటు ఇంజిను వేగమూ తగ్గుతాయి. గేరు దించితే బండివేగం తగ్గుతుంది కాని, ఇంజిను వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. రెండు చర్యలకూ మాట ఒక్కటే. ఇంజిను విషయంలో ఫలితాలు మాత్రం పూర్తిగా విరుద్ధం.

ఇంజిను వేగాన్ని చెప్పేందుకు వాడుకలో ‘రేజ్’ అనే మాట ఉంది. ‘రేజ్ చెయ్యకు’, ‘ఊరికే రేజ్ అవుతోంది’ అన్నప్పుడు వక్త ఉద్దేశం చుట్లవేగమే. అయితే ఈ మాట ఎక్కువగా యాక్సిలరేటరు తొక్కడం వల్ల పెరిగే వేగానికే వర్తిస్తుంది. పల్లంలో గేరు దించినప్పుడు కాలు యాక్సిలరేటరు మీద లేకపోయినా ఇంజిను వేగం పెరుగుతుందన్న సంగతి ఈ మాటలో ఇమడదు.

‘పికప్’ది మరో స్థితి. అది వెనుక తొట్టి ఉన్న వాహనానికి పేరు. ‘బండికి పికప్ లేదు’ అన్నప్పుడు అదే మాట వేగం పుంజుకొనే శక్తికి పేరు. ‘గవర్నర్’ అర్థం కూడా మారింది. 1788లో జేమ్స్ వాట్ ఆవిరియంత్రానికి అమర్చిన గవర్నరు యంత్రపు భ్రమణవేగాన్ని అదుపుచేసేది. నేడు రవాణా వాహనాల సందర్భంలో ‘స్పీడ్ గవర్నర్’ అంటే బండివేగాన్ని అదుపుచేసే సాధనం. కేంద్ర మోటారు వాహనాల నియమావళి (1989) 118వ నియమం కొన్ని మినహాయింపులతో రవాణా వాహనాలకు గంటకు 80 కిలోమీటర్ల హద్దు విధించింది. ఇది రహదారి భద్రతకు సంబంధించిన హద్దు. ఇంజినును కాపాడే హద్దు దీనికి వేరు. గంటకు 80 కిలోమీటర్ల లోపే ఉన్నా, దిగువ గేరులో ఇంజిను తన హద్దు దాటిపోగలదు. ‘గవర్నర్ ఉంది కాబట్టి ఇంజినుకు భయం లేదు’ అన్న నమ్మకం ఈ పదసామ్యం నుంచే పుట్టగలదు.

ఈ సందిగ్ధతను నివారించేందుకు ఇకముందు ఈ వ్యాసంలో రోడ్డు మీద బండి పోయే వేగాన్ని ‘బండివేగం’ అనీ, క్రాంకు నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్యను, అంటే ఆర్‌పీఎంను, ‘చుట్లవేగం’ అనీ వ్యవహరించడం జరుగుతుంది.

3. చుట్లవేగం ఎందుకు అవసరం?

ఇంజిను శక్తి రెండు అంశాల లబ్ధం: తిప్పే బలం (టార్క్), తిరిగే వేగం. 2023లో నవీకరించిన మారుతి సుజుకి సూపర్ క్యారీని ఉదాహరణగా తీసుకోవచ్చు. 1,197 సీసీ గల నాలుగు సిలిండర్ల ఈ పెట్రోలు ఇంజినుకు గరిష్ఠ టార్క్ 104.4 న్యూటన్ మీటర్లు. అది 2,900 చుట్ల వద్ద లభిస్తుంది. అక్కడ శక్తి లెక్కకడితే సుమారు 32 కిలోవాట్లు. గరిష్ఠశక్తి మాత్రం 6,000 చుట్ల వద్ద దాదాపు 59 కిలోవాట్లు. ఆ వేగం వద్ద టార్క్ సుమారు 94 న్యూటన్ మీటర్లకు తగ్గింది. అయినా చుట్లు రెట్టింపు కన్నా ఎక్కువ కావడంతో శక్తి పెరిగింది.

గరిష్ఠశక్తి బిందువు దాటాక పరిస్థితి తారుమారవుతుంది. సిలిండరులోకి గాలి చేరేందుకు దొరికే వ్యవధి మరీ తగ్గిపోయి, చుట్లు పెరిగే నిష్పత్తికన్నా టార్క్ ఎక్కువ నిష్పత్తిలో పడిపోతుంది. శక్తి తగ్గడం మొదలవుతుంది. కనుక గరిష్ఠశక్తి బిందువుకు మించి చుట్లు పెంచడం వల్ల లాభం త్వరగా అడుగంటుతుంది. నష్టం మాత్రం పెరుగుతూనే ఉంటుంది. సురక్షిత గరిష్ఠవేగానికి ఇది మొదటి ఆనవాలు.

ఘాట్ రోడ్డులో ఈ శక్తి అవసరం మరింత ఎక్కువ. సుమారు 1,000 మీటర్ల ఎత్తున గాలిసాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు పదోవంతు తక్కువ. టర్బో లేని పెట్రోలు ఇంజిను శక్తి కూడా ఇంచుమించు అదే మేరకు తగ్గుతుంది. తీరంలో మూడో గేరుతో ఎక్కే ఎత్తును అదే బరువుతో అక్కడ రెండో గేరులో, ఎక్కువ చుట్లతో ఎక్కవలసి రావచ్చు. ఇది ఇంజినును హింసించడం కాదు, దాని నిర్మాణానికి తగిన పనే.

4. హద్దును నిర్ణయించే కారణాలు:

4.1 జడత్వబలం: పిస్టను (పాఠ్యపుస్తకాల భాషలో ముషలకం) ఒక చుట్టులో రెండుసార్లు పూర్తిగా ఆగి, దిశ మార్చుకొంటుంది. పై ఉదాహరణలోని ఇంజినులో పిస్టను ఒక దిశలో కదిలే దూరం, అంటే స్ట్రోకు, 71.5 మిల్లీమీటర్లు. 6,000 చుట్ల వద్ద క్రాంకు సెకనుకు 100 సార్లు తిరుగుతుంది. పిస్టను సగటువేగం సెకనుకు 14.3 మీటర్లు అవుతుంది. అసలు భారం ఈ సగటువేగంలో కాక, పిస్టను పైకొస వద్ద దిశ మార్చుకొనే క్షణంలోని త్వరణంలో ఉంది. కనెక్టింగ్ రాడ్డు పొడవు క్రాంకు వ్యాసార్ధానికి మూడు రెట్లకు కొంచెం ఎక్కువ అనుకొంటే, ఆ త్వరణం సెకనుకు సెకనుకు సుమారు 18,000 మీటర్లు, అంటే గురుత్వ త్వరణానికి 1,800 రెట్లు. పిస్టను, దానికి సంబంధించిన భాగాల బరువు 300 గ్రాములు అనుకొంటే, రాడ్డును లాగే బలం సుమారు 550 కిలోల బరువుకు సమానం.

ఈ బలం చుట్లవేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. చుట్లు 6,000 నుంచి 7,500కు పెరిగితే పెరుగుదల 25 శాతమే. బలం మాత్రం 56 శాతం పెరిగి 860 కిలోల దాకా పోతుంది. ‘కొంచెమే కదా దాటింది’ అన్న అంచనా ఇక్కడ తప్పుతుంది. రాడ్డు, దాని బోల్టులు, బేరింగులు ఈ లాగుడును చుట్టుచుట్టుకూ భరించాలి.

4.2 వాల్వులు: క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. 6,000 చుట్ల వద్ద ప్రతి వాల్వూ సెకనుకు 50 సార్లు తెరుచుకొని మూసుకోవాలి. మూసే పని స్ప్రింగుది. వేగం మితిమీరితే స్ప్రింగు క్యామ్ ఆకృతిని అనుసరించలేదు. వాల్వు తన స్థానానికి సకాలంలో చేరక తేలిపోతుంది. పైకి వచ్చే పిస్టను దాన్ని తాకితే వాల్వు వంగుతుంది, పిస్టను పగులుతుంది. జడత్వబలం చేసే హాని చాలాసార్లు క్రమంగా బయటపడుతుంది. వాల్వు తగిలితే నష్టం ఆ క్షణంలోనే జరుగుతుంది.

4.3 నూనెపొర, ఉష్ణం: బేరింగులో లోహాన్ని లోహం తాకకుండా కాపాడేది పలుచని నూనెపొర. చుట్లు పెరిగితే రాపిడి, ఉష్ణం పెరిగి నూనె పలచబడుతుంది. నూనె తక్కువైనా, పాతబడినా కంపెనీ చెప్పిన హద్దు లోపలే ఇంజిను దెబ్బతినగలదు. స్టార్టు చేసిన వెంటనే చల్లని ఇంజినును రేజ్ చేయడమూ ఇలాంటిదే. చిక్కగా ఉన్న నూనె అన్ని భాగాలకూ సరిగా చేరకముందే భారం పడుతుంది. కనుక ‘సురక్షిత గరిష్ఠవేగం’ అన్నది సరైన నూనె, సరైన ఉష్ణోగ్రత ఉన్న ఇంజినుకు చెప్పిన మాట.

5. ఒక ఇంజిను హద్దు మరో ఇంజినుకు చెల్లదు:

టాటా ఏస్ గోల్డ్ పెట్రోలు బండిలోని 694 సీసీ రెండు సిలిండర్ల ఇంజిను సుమారు 30 అశ్వసామర్థ్యపు గరిష్ఠశక్తిని 4,000 చుట్ల వద్దే ఇస్తుంది. సూపర్ క్యారీకి ఈ సంఖ్య 6,000. రెండూ ఒకే పనికి వాడే పెట్రోలు బళ్లే. మొదటిదానికి మితిమీరిన వేగం రెండోదానికి సాధారణవేగం. ఇతర దేశాల బళ్లనూ ఇలాగే చూడాలి. అమెరికాలో తెలుగువారికీ పరిచితమైన షెవ్రొలె సిల్వరాడో పికప్‌లోని 5.3 లీటర్ల వి-8 పెట్రోలు ఇంజిను 355 అశ్వసామర్థ్యాన్ని 5,600 చుట్ల వద్ద ఇస్తుంది. దాని స్ట్రోకు 92 మిల్లీమీటర్లు. చుట్లు సూపర్ క్యారీకన్నా తక్కువైనా, పిస్టను సగటువేగం సెకనుకు 17 మీటర్లు దాటుతుంది. చుట్ల సంఖ్య ఒక్కటే చూసి ఇంజిను ఎంత శ్రమపడుతోందో చెప్పలేమని దీనివల్ల తెలుస్తుంది.

అందువల్ల ‘పెట్రోలు బండిని ఎన్ని చుట్ల వరకు తిప్పవచ్చు?’ అన్న ప్రశ్నకు అన్ని బళ్లకూ వర్తించే అంకె లేదు. ఆయా బండికి కంపెనీ ప్రకటించిన గరిష్ఠశక్తి బిందువును ఆచరణలో పైహద్దుగా తీసుకోవడం క్షేమం. ఆ బిందువు దగ్గర ఇంజిను అవసరాన్నిబట్టి కొద్దిసేపు పనిచేయవచ్చు. రోజంతా సాగే రవాణాలో గరిష్ఠ టార్క్ బిందువుకు అటూఇటూ ఉండే వేగం ఇంజినుకూ, ఇంధనానికీ మేలు.

6. చుట్ల నియంత్రకం కాపాడేది ఎంతవరకు?

నేటి పెట్రోలు ఇంజిన్లలో కంప్యూటరు చుట్లవేగాన్ని గమనిస్తుంది. నిర్దేశించిన హద్దు చేరగానే ఇంధనాన్ని ఆపుతుంది. దీన్ని ‘చుట్ల నియంత్రకం’ అనవచ్చు. న్యూట్రల్‌లో యాక్సిలరేటరు అదిమిపట్టినా, దిగువ గేరులో ఎంత తొక్కినా ఈ నియంత్రకం హద్దు దాటనివ్వదు. దీనివల్ల ‘కంప్యూటరే చూసుకొంటుంది’ అన్న ధీమా కలుగుతుంది.

ఈ ధీమాకు ఒక పరిమితి ఉంది. ఇంధనం ఆపితే ఇంజిను తనంతట తాను తిరగడం ఆగుతుంది. చక్రాలు తిప్పుతున్నప్పుడు మాత్రం ఆగదు. క్లచ్ వదిలి ఉండగా చక్రాలు, గేరు పెట్టె, క్రాంకు ఒకే గొలుసు. దిగువ గేరులో రెండో గేరు చుట్లవేగం మూడో గేరుకన్నా ఒకటిన్నర రెట్లు అనుకొందాం. పల్లంలో మూడో గేరులో 4,800 చుట్ల వద్ద ఉన్న ఇంజిను, రెండో గేరు పడి క్లచ్ వదలగానే 7,200 చుట్లకు చేరాలి. 6,000 చుట్ల వద్ద ఉండే జడత్వబలంకన్నా ఇది 44 శాతం ఎక్కువ. వేగంగా పోతూ ఐదో గేరు నుంచి నాలుగుకు రావలసిన లివరు పొరపాటున రెండులో పడితే, చుట్లు సుమారు 2.4 రెట్లు పెరుగుతాయనుకొన్నా, 3,500 నుంచి 8,400కు పోతాయి. జడత్వబలం దాదాపు రెట్టింపు. కంప్యూటరు అప్పటికే ఇంధనం ఆపి ఉంటుంది. బండి బరువు, పల్లం కలిసి క్రాంకును తిప్పుతూనే ఉంటాయి.

దీనికి భయపడి పల్లంలో న్యూట్రల్‌లో దిగడం అంతకన్నా ప్రమాదం. అప్పుడు బండిని ఆపే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. ఇంజినును ఆపివేస్తే బ్రేకుకు తోడ్పడే వాక్యూమ్ సాయమూ కొద్ది తొక్కుళ్లలోనే పోతుంది. న్యూట్రల్‌లో ఇంధనం ఆదా అవుతుందన్న నమ్మకం కూడా నేటి ఇంజెక్షన్ ఇంజిన్లకు వర్తించదు. గేరులో ఉండి కాలు తీసినప్పుడు కంప్యూటరు ఇంధనాన్ని పూర్తిగా ఆపుతుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజిను ఆగిపోకుండా కొంత ఇంధనం ఇస్తూనే ఉంటుంది. సరైన పద్ధతి ఒక్కటే. పల్లం మొదలుకాకముందే బ్రేకుతో బండివేగం తగ్గించి, తరవాత దిగువ గేరు వేసి, ఆ గేరులోనే దిగాలి. ఎత్తు ఎక్కిన గేరులోనే దిగాలన్న పాతసూత్రం ఈ భౌతికసత్యానికి సంక్షిప్తరూపం.

7. శ్రుతి ద్వారా చుట్లవేగాన్ని గుర్తించడం:

ఈ తరగతి బళ్లలో చాలావాటికి చుట్లవేగం చూపే మీటరు ఉండదు. డ్రైవరుకు చెవే ఆధారం. చెవి చెప్పే సాక్ష్యం ఎంతవరకు నమ్మదగినదో కూడా లెక్కించవచ్చు. నాలుగు సిలిండర్ల ఇంజినులో ప్రతి చుట్టుకూ రెండు పేలుళ్లు జరుగుతాయి. 3,000 చుట్ల వద్ద సెకనుకు 100, 6,000 చుట్ల వద్ద 200. సంగీతపరిభాషలో ఇది సరిగ్గా ఒక స్థాయి ఎక్కడం, మధ్యస్థాయి షడ్జం నుంచి తారస్థాయి షడ్జానికి చేరడం. గేరు దించినప్పుడు చుట్లు ఒకటిన్నర రెట్లు అయితే ధ్వని షడ్జం నుంచి పంచమానికి లేస్తుంది. 6,000 నుంచి 7,500కు, అంటే ఒకటింపావు రెట్లకు పోతే, షడ్జం నుంచి అంతరగాంధారానికి లేచినట్టు. ఇంజిను పగిలే ప్రమాదం ఈ కొద్ది స్వరాంతరంలోనే దాగి ఉంది.

రెండు సిలిండర్ల ఇంజినులో ప్రతి చుట్టుకూ సగటున ఒకే పేలుడు. అది 4,000 చుట్ల హద్దును చేరినా సెకనుకు సుమారు 67 పేలుళ్లే వినిపిస్తాయి. నాలుగు సిలిండర్ల ఇంజిను అదే శ్రుతిని 2,000 చుట్ల వద్దే పలుకుతుంది. కనుక ఒక రకం బండికి అలవాటుపడిన చెవి మరో రకం బండి మీద తప్పుదోవ పట్టగలదు. నాలుగు సిలిండర్ల బండి నుంచి రెండు సిలిండర్ల బండికి మారినవారికి హద్దు చేరిన ఇంజిను కూడా నెమ్మదిగా తిరుగుతున్నట్టే తోచవచ్చు. రెండు సిలిండర్ల డీజిలు బండి నుంచి నాలుగు సిలిండర్ల పెట్రోలు బండికి మారినవారికి మామూలు వేగమే రేజ్‌లా వినిపిస్తుంది. వారు తొందరపడి పై గేరు వేస్తారు. బరువుతో, తక్కువ చుట్లతో, ఎక్కువ తొక్కుడుతో బండి ‘ముక్కుతుంది’. అప్పుడు సిలిండరులో పీడనం, ఉష్ణం పెరిగి అకాలదహనానికి, అంటే ‘నాకింగ్’కు, అవకాశం ఏర్పడుతుంది. సురక్షితవేగానికి పైహద్దుతోపాటు కిందిహద్దు కూడా ఉందని ‘ముక్కడం’ అన్న తెలుగు క్రియ చక్కగా గుర్తుచేస్తుంది.

8. పదజాల ప్రతిపాదన:

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం (1962) వ్యవసాయ పదాలను, రెండో సంపుటం (1971) చేనేత పదాలను వృత్తిదారుల నోటి నుంచే సేకరించింది. మోటారు రంగ పదజాలానికీ ఆ పద్ధతి తగినది. పిస్టను, క్లచ్, గేరు వంటి మాటలు తెలుగులో స్థిరపడ్డాయి. వాటికి ‘ముషలకం’ వంటి సంస్కృతపదాలను వాడుకలోకి తేవాలని ప్రయత్నించడం నిష్ఫలం. అర్థసందిగ్ధత ఉన్నచోట మాత్రం కొత్త మాట అవసరం. ‘స్పీడు’కు బదులు సందర్భానుసారం బండివేగం, చుట్లవేగం. మీటరు మీది ప్రమాదరేఖకు ఎర్రగీత. ఇంధనం ఆపే ఏర్పాటుకు చుట్ల నియంత్రకం. చక్రాలు ఇంజినును హద్దు దాటించి తిప్పడానికి ఎదురుతిప్పుడు. తక్కువ చుట్లలో అధికభారానికి ముక్కడం. ఈ మాటలు వర్క్‌షాపులో అడిగినా అర్థమయ్యేవి, పాఠ్యపుస్తకంలో రాసినా ఒప్పేవి.

9. ముగింపు:

1. సురక్షిత గరిష్ఠ చుట్లవేగం ప్రతి ఇంజినుకూ వేరు. కంపెనీ ప్రకటించిన గరిష్ఠశక్తి బిందువును ఆచరణలో పైహద్దుగా భావించడం క్షేమకరం.

2. జడత్వబలం చుట్లవేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. కనుక హద్దును కొద్దిగా దాటినా బలం అంతకన్నా ఎక్కువ నిష్పత్తిలో పెరుగుతుంది.

3. చుట్ల నియంత్రకం యాక్సిలరేటరు వల్ల కలిగే అతివేగాన్నే ఆపగలదు. ఎదురుతిప్పుడును ఆపే శక్తి దానికి లేదు. అక్కడ రక్షణ డ్రైవరు చేతిలోనే ఉంది.

4. స్పీడ్ గవర్నర్ బండివేగానికి సంబంధించినది. అది ఇంజినుకు రక్షణ కాదు.

5. తెలుగులో రాసే డ్రైవింగు పాఠాలు, వాహన సూచికలు ‘స్పీడు తగ్గించు’ అన్నచోట ఏ వేగాన్ని ఉద్దేశించారో స్పష్టంగా చెప్పాలి. ‘ముందు బ్రేకుతో బండివేగం తగ్గించు, తరవాత గేరు దించు’ అన్న వాక్యంలో రెండు వేగాలూ, వాటి క్రమమూ స్పష్టంగా ఉన్నాయి. లంబసింగి ఘాట్ దిగే డ్రైవరుకు అవసరమైన సమాచారం ఆ క్రమంలోనే ఉంది.